నీలిపొగ షరతు

టనండా,
3 ఫిబ్రవరి 2013

నా తమ్ముడి కూతురిగా పుట్టిన పాపానికి ఈ ఉత్తరం చదవక తప్పని లియోనీకి,

పెదనాన్న రైనోల్డ్ జెర్బి దీవెనలు. ఫోను చేయకుండా ఉత్తరమేమిటని విసుక్కోకు. యాభై ఏళ్లు ఇంజన్ల మధ్య బతికిన చెవులివి. ఫోనెత్తితే నీ గొంతుకు బదులు మన పాత లేతు మెషీను వినిపిస్తుంది. దానితో ఎంతసేపని మాట్లాడను?

విశేషమేమంటే, మన లోయకు జ్ఞానోదయమైంది. ద్రాక్షపండు తప్ప తక్కిన సృష్టి అంతా దేవుడు తీరిక లేనప్పుడు చేసిందేనని అందరూ తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం ప్రకారం మా నాన్న పెట్టిన ఇంజన్ల దుకాణాన్ని ఒక ద్రాక్షసారా కంపెనీ అడుగుతున్నది. వారి తరఫున ట్రిస్టన్ అనే యువకుడు వచ్చాడు. బూట్ల మొనలు అతడికంటే ముందు లోపలికి వచ్చాయి. నేలమీది మరకలు చూసి చేతులు జోడించినంత పని చేశాడు.

"అయ్యా, దయచేసి వీటిని తుడవకండి. వీటిలో ఆత్మ ఉంది" అన్నాడు.

"ఆత్మ కాదు నాయనా, గేర్ ఆయిలు" అన్నాను.

దాన్ని కూడా పుస్తకంలో రాసుకున్నాడు. ఇంజను సిలిండర్లలో బోరు తొలిచే మెషీనును కప్పుకు వేలాడదీసి దీపాలు పెడతారట. దాని కింద జనం నిలబడి సారా పుక్కిలించి ఉమ్ముతారట. మేమూ ఆ చోటే ఉమ్మేవాళ్లం గాని, దానికి డబ్బు ఇచ్చినవాడు లేడు.

ద్రాక్ష కోతలు ముగియగానే కాగితాలు తెస్తానన్నాడు. మీ నాన్న "అమ్మేయి అన్నయ్యా" అన్నాడు. కారు బానెట్ ఎత్తడం శస్త్రచికిత్సతో సమానమని నమ్మే మనిషి మరేమంటాడు? మీ పెద్దమ్మ ఎల్ఫ్రీడా మాత్రం దుకాణం తాళాలు తీసి తన జేబులో వేసుకుంది. అది ఎంత పెద్ద మాటో నీకు తెలుసు.

ఇదంతా నీకు తెలియడం కోసమే రాస్తున్నాను. బంగారు గనిలో కొలువు చేసేవారికి ఇనుప సామానుతో పనేముంటుందిలే.

ఉమ్మివేత మందిరానికి కాబోయే పూర్వ యజమాని,
రైనోల్డ్ పెదనాన్న


కల్గూర్లీ,
11 ఫిబ్రవరి 2013

ఇంకా పూర్వం కాని యజమానికి,

పెదనాన్నా, నమస్కారం. అమ్మకండి. ఆ దుకాణం నాకు కావాలి.

చూశారా, ఒక్క వాక్యంలో తేల్చేశాను. మన వంశంలో ఇలాంటి అపచారం ఇదివరకెవరూ చేసి ఉండరు.

గనిలో నేను చేసేది బంగారం పని కాదు. బంగారం మొహం చూసి రెండేళ్లయింది. బండలు మోసే లారీల కింద పడుకుని గ్రీజు తాగడం నా కొలువు. తీరిక దొరికినప్పుడు షెడ్డులో నా సొంత ఇంజను ఒకటి కడుతున్నాను. ఆరు సిలిండర్లు, పక్కన పెద్ద టర్బో. ఆరువందల గుర్రాల బలం వస్తుంది. పందేనికి కాదు. పనికి పోవడానికీ సరుకులు తెచ్చుకోవడానికీ అదే కారు. ఇలాంటి ఇంజన్లు కట్టించుకునే కుర్రాళ్లు మన లోయలోనే బోలెడుమంది ఉన్నారు. నమ్మకంగా కట్టే చెయ్యి లేక అడిలైడ్ దాకా పోతున్నారు. మీ దుకాణం నా చేతికొస్తే వాళ్లందరూ మీ గేర్ ఆయిలు ఆత్మల మీదే నిలబడతారు.

నాతో పనిచేసే డుష్కో అంటాడు: "మీ పెదనాన్న నీకెందుకు ఇవ్వడు? అడిగితే పోలా?" పాపం, వాడు మన ఇంట్లో ఎన్నడూ భోజనం చేయలేదు. ఉప్పు కావాలంటే 'ఈ పులుసు వైద్యుడు రాసిచ్చాడా?' అని అడిగే ఇల్లని వాడికి తెలియదు.

నేనైతే అడిగేశాను. జవాబు మీ దయ.

గ్రీజు తాగే కూతురు,
లియోనీ


టనండా,
18 ఫిబ్రవరి 2013

ఆరువందల గుర్రాల మహారాణికి,

నీ ఉత్తరం అందింది. మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. "పాలు తేవడానికి ఆరువందల గుర్రాలా? ఇంటికొచ్చేసరికి వెన్నైపోవూ?" అంది. ఆదివారం క్రమం తప్పక చర్చికి పోయే మనిషికి రెండు వందలు చాలు. అంతకు మించితే పాస్టరుగారికంటే ముందు పైకి చేరుకుంటాడు.

అయినా అడిగావు కనుక జవాబు చెప్పాలి. ఒక షరతు. ఆ ఇంజనును నీ చేత్తో నువ్వే కట్టు. కోతలు ముగిసేలోగా ఆ కారులో నల్లార్‌బోర్ మైదానం దాటి, రెండువేల కిలోమీటర్లు నడిపి ఇక్కడికి రా. నేను ఊరి మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. నీ వెనక నీలిపొగ కనిపించిందా, ట్రిస్టన్‌తో సంతకం. కనిపించలేదా, తాళాలు నీవి. ఇంతకంటే న్యాయమైన తీర్పు దొరకదు. నీలిపొగ అంటే ఆయిలు మండుతున్నది, ఆయిలు మండితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండరు గోడకు పట్టలేదు, రింగులు పట్టకపోతే కట్టినవాడికి పని రాదు.

పిస్టన్లు ఎవడైనా కొంటాడు. రింగులు ఎంచుకోవడంలో మనిషి బయటపడతాడు. ఏవి వేస్తున్నావో రాయి. సిలిండరు బోరు ఎంత వెడల్పో ఆ కొలత కూడా రాయి. మా దుకాణం ధర్మం నీకు తెలియనిది కాదు: పైరింగుకు క్రోము పూత, రింగు తెగిన చోట రెండు కొసల మధ్య గ్యాప్ ఎంత టైటుగా ఉంటే అంత మంచిది. మా నాన్న పెట్టిన గ్యాప్‌లో సందు కొలిచే ఫీలర్ బ్లేడు దూరడానికి అనుమతి అడిగేది.

తీర్పరి,
పెదనాన్న


కల్గూర్లీ,
26 ఫిబ్రవరి 2013

కుర్చీ వేసుకుని కూర్చోబోయే న్యాయమూర్తికి,

షరతుకు ఒప్పుకున్నాను. కుర్చీకి మెత్త వేసుకోండి, చాలాసేపు కూర్చోవాలి.

ఇక రింగుల సంగతి. తాతయ్య గ్యాప్ గురించి ఊరంతా చెప్పుకునేది నిజమే. ఆయన కట్టినవి గోధుమ చేలల్లో పొద్దంతా ఒకే వేగంతో నడిచే ఇంజన్లు. నాది అలా కాదు. టర్బో గాలిని కూరికూరి పెడుతుంది, దానికి తగ్గ ఇంధనం మండుతుంది, ఆ వేడికి రింగు సాగుతుంది. కొసల మధ్య చోటు లేకపోతే రెండూ ఢీకొంటాయి. ఢీకొన్నాక రింగు విరుగుతుంది, లేదా పిస్టన్ అంచును పెకలించుకుపోతుంది. మా ఊరి మీదుగా పోయే రైలు పట్టాలకు సందు ఎందుకు వదిలారో ఒకసారి ఆలోచించండి. పట్టాలు వేసినవాళ్లు సోమరులై కాదు.

అందుకని పైరింగు ఉక్కుది, ముఖం గట్టిపరిచినది. పోత ఇనుప రింగు ఈ వేడికి పెళుసు. మెత్తని లోహం పూసిన రింగులు చాలామంది మెచ్చుకుంటారు గాని, ఆ పూతకు సన్నని రంధ్రాలుంటాయి. మా ఎర్రదుమ్ము వాటిలో కాపురం పెడుతుంది. రెండో రింగు పోతదే, కాని దానికి గ్యాప్ పైదానికంటే కొంచెం ఎక్కువ. పైనుంచి తప్పించుకున్న గాలి రెంటి మధ్య చిక్కుకుంటే పైరింగును ఎత్తేస్తుంది కదా, దానికి దారి విడవాలి. ఆయిలు రింగు మాత్రం బిగువైనదే. పందెంవాళ్లు వదులుది వేసి బలం మిగుల్చుకుంటారు, నేను పాలు తెచ్చుకోవాలి. అసలు గ్యాపే లేని రింగులు అంటూ ఒకాయన అమ్మజూపాడు. తల లేని టోపీ కూడా ఉందా అని అడిగి వచ్చేశాను.

బోరు కొలత వెనకవైపు రాశాను. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దండి. మీకది లేకపోతే దుమ్ము పంపిస్తాను.

కూతురు,
లియోనీ


టనండా,
6 మార్చి 2013

రైలు శాఖ మంత్రిణికి,

చదివాను. రెండో రింగుకు పైదానికంటే ఎక్కువ గ్యాపా? మా నాన్న సమాధిలో అటు తిరిగి పడుకుని ఉంటాడు. వినయం నేర్చుకోవడానికి ఈ వయసు నాకు చాలదు. వెంట పార్సిల్ పంపుతున్నాను. అందులో రింగులున్నాయి. వేసుకుంటే వేసుకో.

ఏ రింగులు వేసినా ఒకటి విను. కట్టాక మొదటి రోజే, ఇంజను వేడెక్కగానే, వెనక నిండా బరువేసిన ట్రైలరు కట్టి కొండ ఎక్కించు. కాలు తీయకు. దిగేటప్పుడు గేరులోనే దించు, మళ్లీ ఎక్కించు. మా దుకాణంలో రింగులు మార్చిన ప్రతి ఇంజనూ మొదటి రోజు ద్రాక్ష బండి లాక్కుని మెంగ్లర్ కొండ ఎక్కవలసిందే. పంతొమ్మిదివందల అరవై మూడులో వడగళ్లకు పంట పోయి బరువుకు ద్రాక్ష దొరకలేదు. చర్చి గాయకబృందాన్ని ఎక్కించాం. లావుపాటి గొంతులవాళ్లను వెనక, సన్నగొంతులవాళ్లను ముందు. సగం కొండకు వచ్చేసరికి అందరూ ఒకే శ్రుతిలోకి వచ్చారు, భయంవల్ల. ఇంజను మాత్రం ఇరవై ఏళ్లు నడిచింది. నీ ఊళ్లో గాయకులు లేకపోతే గనిలో రాళ్లున్నాయిగా.

ట్రిస్టన్ మళ్లీ వచ్చి టేపుతో కప్పు కొలిచాడు. మీ పెద్దమ్మ అతడికి పందిమాంసం మెట్‌వుర్స్ట్, దోసకాయ ఊరగాయ పెట్టింది. "ఇది మీరే చేశారా?" అని అడిగాడు. "లేదు నాయనా, పంది తనే చేసుకుంది" అంది.

పెదనాన్న


కల్గూర్లీ,
14 మార్చి 2013

గాయకబృంద రవాణాదారుకు,

ఉత్తరం డుష్కోకు చదివి వినిపించాను. వాడికి నవ్వి నవ్వి కళ్లనీళ్లొచ్చాయి. "మీ పెదనాన్న ఒక్క మాటైనా మామూలుగా చెప్తాడా?" అన్నాడు. "పుట్టినప్పుడు ఏడ్చాడని విన్నాను, అదీ ఎకసెక్కానికే అయ్యుంటుంది" అన్నాను.

పార్సిల్ అందింది. ఆ తుప్పు డబ్బా, దాని మీద చెరిగిన ట్రాక్టరు బొమ్మ చూసి మీ భావం గ్రహించాను. అటక మీది రింగులు పంపి 'నీ ఇంజను మా ట్రాక్టరుకు చాలదు' అన్నారన్నమాట. ఒకటి తీసి చూశాను, రెండు కొసలూ పెళ్లిపీటల మీద కూర్చున్నంత దగ్గరగా ఉన్నాయి. వాటిని షెడ్డు గోడకు తగిలించాను. అందంగా ఉన్నాయి.

నా ఇంజను పూర్తయింది. బోరు లోపల సన్నని గీతలు పడేలా నేనే హోన్ చేసి, ప్రతి రింగూ బోరులో పెట్టి గ్యాప్ కొలిచి, రాసి, మళ్లీ కొలిచి వేశాను. మీరు చెప్పినవాటికి సరిగ్గా ఎదురు చేస్తే తప్పక బాగుపడతానని నాకు గట్టి నమ్మకం. పసిపాపలా చూసుకుంటున్నాను దాన్ని.

లియోనీ


టనండా,
20 మార్చి 2013

లియోనీకి,

డబ్బా పాతది. రింగులు కొత్తవి. నువ్వు రాసిన బోరు కొలతకు మెల్బోర్న్ నుంచి తెప్పించాను. అవి వచ్చిన ప్లాస్టిక్ పెట్టె దారిలో చితుకుతుందని నా డబ్బాలో పెట్టాను. మా నాన్న ఆకురాయితో నేనే కూర్చుని కొసలు అరగదీశాను. గోడకు అందంగా ఉన్నందుకు సంతోషం.

షరతు షరతే. కోతలు ఈ నెలాఖరుకు ముగిసేలా లేవు, నీకు కొంత వ్యవధి దొరికింది.

రై. జెర్బి


కల్గూర్లీ,
9 ఏప్రిల్ 2013

పెదనాన్నకు,

మీ చిన్న ఉత్తరం పెద్ద ఉత్తరాలన్నిటికంటే బరువుగా ఉంది. చదివిన వెంటనే రింగులు గోడ నుంచి దించాను, మొన్న ఇంజను విప్పినప్పుడు (ఎందుకు విప్పానో కింద రాస్తాను) బోరులో పెట్టి చూశాను. నూలుపోగంత తేడా లేకుండా సరిపోయాయి. గ్యాప్ మాత్రం నా ఇంజనుకు చాలదు, ఆ మాట మీద నేనిప్పటికీ ఉన్నాను. కాని వాటిని ట్రాక్టరు రింగులన్నాను. ఏం రాయాలో తెలియక ఇన్ని రోజులు రాయలేదు.

తక్కిన వార్త కూడా వినండి. మీకు ఆనందం కలిగించే అవకాశం ఉంది.

మూడు వారాలు ఆ కారును నిజంగానే పసిపాపలా నడిపాను. మెల్లగా గనికి, మెల్లగా అంగడికి. టర్బో నిద్ర లేవకుండా చూసుకున్నాను. శుక్రవారం సెలవు పెట్టి మీ దగ్గరికి బయలుదేరాను. మైదానానికి ఇవతలి ఊరు నార్స్‌మన్ చేరేసరికి అద్దంలో వెనక దారి కనిపించలేదు. పెట్రోలు బంకులో ఒక లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమ్మా, మున్సిపాలిటీవాళ్లు పంపారా? మా వీధికి కూడా ఒకసారి దోమల మందు కొట్టిపో" అన్నాడు.

పోసిన ఆయిలు సగం లేదు. మైదానం ఇంకా మొదలే కాలేదు. వెనక్కి తిరిగి, ఆగుతూ ఆయిలు పోస్తూ ఇంటికి చేరాను. విప్పి చూశాను. రింగులు విరగలేదు, గ్యాప్ ఉన్నట్టే ఉంది, పిస్టన్లు క్షేమం. బోరు మాత్రం అద్దంలా మెరుస్తోంది. హోనింగ్ గీతల మీద కాలిన ఆయిలు వార్నిషులా పట్టేసింది. గీతలు కొత్తగా, గరుకుగా ఉన్నప్పుడే బరువు పడితే రింగును గాలి బోరుకేసి అదిమి, రెండూ ఒకదాన్నొకటి అరగదీసుకుని కుదురుకోవాలి. నేనలా అదమనివ్వలేదు. ముద్దు చేసి పాడు చేశాను.

అప్పుడు మీ గాయకబృందం ఉత్తరం మళ్లీ తీసి చదివాను. పెదనాన్నా, ఆ ట్రైలరు మాట నిజమేనా? నేనూ డుష్కో ఇద్దరం అది కూడా వేళాకోళమే అనుకున్నాం. మీరు కొండ ఎక్కించమన్నారు కనుక పల్లం వెతుక్కుని నడిపాను.

షరతు ప్రకారం ఓడాను. పొగ మీ కుర్చీదాకా రాలేదు గాని, వచ్చినట్టే. ట్రిస్టన్‌కు సంతకం పెట్టండి. బోరు మెషీనును వేలాడదీసేటప్పుడు గొలుసు గట్టిది వాడమనండి. అది చాలా బరువు, నాకు తెలుసు.

లియోనీ


టనండా,
15 ఏప్రిల్ 2013

లియోనీ,

ఈ ఉత్తరంలో వెటకారం లేదు. ఎక్కడైనా కనిపిస్తే అది చేతి అలవాటు, దాటిపో.

ట్రైలరు మాట నిజం. గాయకబృందం కూడా నిజం. వాళ్లలో ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు, అడగవచ్చు. ఇంజను మీద బరువు వేయమని మా నాన్న నాకు చెప్పినప్పుడు చెంప మీద ఒకటి వేసి చెప్పాడు. అందువల్ల సందేహం కలగలేదు. నేను నీకు కథ చెప్పాను.

నీ రైలు పట్టాల ఉత్తరం చదివిన రోజు కోపం వచ్చింది. నీ చివరి ఉత్తరం వచ్చాక బల్ల మీదున్న పాత సిలిండరులో నీకు పంపిన రింగుల గ్యాప్‌కే మరో రింగును అరగదీసి పెట్టి, మంటతో కాల్చి చూశాను. కొసలు రెండూ కలిసి, ఒకదాని మీదకొకటి లేవబోయాయి. నీ మాట నిజం. ఆ రింగులు నువ్వు వేసి ఉంటే నార్స్‌మన్ కూడా చేరేదానివి కాదు. మా నాన్న ట్రాక్టర్లకు ఆయన గ్యాప్ సరైనది. నీ ఇంజనుకు నీది.

షరతు వెనక్కి తీసుకుంటున్నాను. నిన్ను ఆపడానికి పెట్టింది కాదది. రమ్మని అడగడం చేతకాక పెట్టాను. ఈ దుకాణంలో ఎందరినో పనిలోకి తీసుకున్నాను. ఇంజను పాడుచేసి, విప్పి, లోపల కనిపించినది కనిపించినట్టు చెప్పినవాళ్లు అరుదు. ఎక్కువమంది ఆయిలు కంపెనీని తిట్టారు. నువ్వు నన్ను తిట్టవలసిన చోట కూడా తిట్టలేదు.

నిన్న ట్రిస్టన్ కాగితాలతో వచ్చాడు. "అమ్మడం లేదు నాయనా, మా తమ్ముడి కూతురు నడుపుతుంది. కార్లకు ఆరువందల గుర్రాల ఇంజన్లు కడుతుంది" అన్నాను. విరగబడి నవ్వాడు. "ఈ చోటుకు మీ హాస్యమే అందం జెర్బిగారూ, గోడ మీద రాయిద్దాం" అన్నాడు. నిజమేనని మరోసారి చెప్పాను. ఇంకా నవ్వాడు. మే నెల మొదటి శుక్రవారం వస్తానని కాగితాలు బల్ల మీద వదిలి వెళ్లాడు. పాస్టరుగారికి చెప్పాను. ఆయన నా భుజం తట్టి నవ్వాడు. రొట్టెలమ్మే హుల్డాకు చెప్పాను. "ఈసారి కథ బాగా కట్టావు రైనోల్డ్, మొహం కూడా కదలలేదు" అంది. డెబ్బై నాలుగేళ్లలో నా నోటినుంచి వచ్చిన మొదటి సూటి మాట, కొనేవాడు లేడు.

మీ పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. లేచి వెళ్లి వెనక గదిలో పక్క దుప్పట్లు మార్చింది.

కారును లారీ మీద వేయించుకుని రా. పొగ విషయం ఇక్కడ చూద్దాం. హోన్ నువ్వు తిప్పు, నేను పక్కన కూర్చుంటాను. ఆ శుక్రవారం ట్రిస్టన్ వచ్చేసరికి నువ్వు దుకాణం గుమ్మంలో నిలబడి ఉండాలి. నా మాట నిజమని ఈ లోయకు రుజువు చూపడానికి నాకు నువ్వు తప్ప మరెవరూ లేరు.

రా.

పెదనాన్న